గోల్ఫ్ క్లబ్బులో ఇన్ని ఆంక్షలు ఎందుకు?

క్లుప్తంగా: గోల్ఫ్ క్లబ్ నోటీసు బోర్డు మీద కనిపించే నియమాలన్నీ ఒకే కారణంతో పుట్టినవి కావు. కొన్ని గడ్డిని, ఆడేవారి ఒంటిని, అందరి సమయాన్ని కాపాడతాయి. కొన్ని సభ్యుల ఉమ్మడి డబ్బునూ క్లబ్బుకు చట్టం ఇచ్చిన హోదానూ కాపాడతాయి. ఇంకొన్ని ఎవరిని లోపలికి రానివ్వాలో, ఎవరిని గుమ్మం దగ్గరే ఆపాలో తేల్చడానికి ఒకప్పుడు పెట్టుకున్నవి. అన్నీ ఒకే బోర్డు మీద, ఒకే గొంతుతో ఉండటం వల్లే ఇంత గందరగోళం. ఈ మధ్య సడలుతున్నవి ఎక్కువగా చివరి రకం నియమాలే.

కొత్తగా గోల్ఫ్ క్లబ్బులో చేరినవారికి మొదటి కొన్ని వారాలు బంతి కంటే నోటీసు బోర్డే ఎక్కువ టెన్షన్ పెడుతుంది. లోపలికి వస్తే టోపీ తీయాలి. కార్ పార్కింగులో బూట్లు మార్చుకోకూడదు. డైనింగ్ హాల్లో ఫోన్ మోగకూడదు. వెంట వచ్చిన స్నేహితుడు పర్సు తీసినా బార్ కౌంటర్లో డబ్బు తీసుకోరు. మైదానంలో మరో చిట్టా ఉంటుంది: బంకర్లో (ఇసుక గుంటలో) ఇసుక చదును చేయాలి, ఎదుటివారు పట్ (బంతిని రంధ్రంలోకి దొర్లించే మెల్లని దెబ్బ) కొడుతుంటే నీడ పడనివ్వకూడదు, వెనక గ్రూపుకు దారివ్వాలి. వీటిలో ఏది తప్పితే ఆట చెడుతుంది, ఏది తప్పితే కమిటీకి కోపం వస్తుంది అన్నది విడమర్చి చెప్పేవారు తక్కువ. పాత సభ్యుల్లోనూ చాలామంది తమకు ఎలా చెప్పారో అలాగే కొత్తవారికి చెబుతారు, అంతే.

ఏ నియమం దేనికోసమో తేల్చడానికి ఒక తేలికైన ప్రశ్న ఉంది. దాన్ని ఎవరైనా పాటించకపోతే నష్టపోయేది ఎవరు? వెనక ఆడేవారా, క్లబ్ ఖజానానా, లేక ఎవరూ కాదా? ఈ ప్రశ్న వేస్తే బోర్డు మీద ఉన్న చాలా వాక్యాలు వాటంతట అవే విడివిడి గుంపులుగా సర్దుకుంటాయి.

ఆటకు ఒక వంశం, భవనానికి మరొకటి

1744లో స్కాట్లండ్‌లో ఎడిన్‌బరో పక్కన లీత్‌లో ఆడే పెద్దమనుషులు వెండి గోల్ఫ్ కర్ర బహుమతిగా పెట్టిన పోటీ కోసం 13 నియమాలు రాసుకున్నారు. దొరికిన గోల్ఫ్ నియమావళుల్లో పాతది అదే. బంతి నీళ్లలో పడితే ఏం చేయాలి, ముందు ఎవరు కొట్టాలి లాంటి సంగతులే అందులో ఉన్నాయి. బట్టల గురించి, భోజనం గురించి ఒక్క మాటా లేదు. అలాగని వాళ్లకు భోజనం పట్టింపు లేదని కాదు. ఆట అయ్యాక మద్యశాలలో కూర్చుని విందు చేసుకోవడం, పందేలు కాయడం, ఆ పందేలను పుస్తకంలో ఎక్కించడం వాళ్లకు ఆటతో సమానం. లీత్‌లో సొంతంగా ‘గోల్ఫ్ హౌస్’ కట్టుకోవడానికి పునాదిరాయి వేసింది 1768లో. అంటే నియమావళి పుట్టిన రెండు దశాబ్దాలకు పైగా తర్వాత.

ఈ రెండు వంశాలూ ఇప్పటికీ కలవలేదు. ఆట నియమాలను ప్రపంచం మొత్తానికీ కలిసి రాసేవి రెండు సంస్థలు: సెయింట్ ఆండ్రూస్ కేంద్రంగా ఉన్న ఆర్ అండ్ ఏ, అమెరికాలోని యూఎస్‌జీఏ. క్లబ్‌హౌస్ నియమాలు మాత్రం ఏ క్లబ్బుకు ఆ క్లబ్ కమిటీయే రాసుకుంటుంది. అందుకే ఒక క్లబ్బులో మర్యాద అనిపించుకున్నది ఇంకో క్లబ్బులో తప్పు కావచ్చు. ఆటలో అలా ఉండదు. బంతిని వెతకడానికి ఇచ్చే 3 నిమిషాలు ఎక్కడైనా 3 నిమిషాలే.

2018 దాకా నియమాల పుస్తకంలో మొట్టమొదటి అధ్యాయమే మర్యాదల గురించి ఉండేది. 2019లో పుస్తకాన్ని తిరగరాసినప్పుడు ఆ అధ్యాయాన్ని తీసేశారు. ఆటగాడి నుంచి ఆశించే నడవడిని 1.2 నియమంలోకి కుదించి, ప్రతి కమిటీ తన సొంత నడవడి నియమావళి పెట్టుకోవచ్చని, దాన్ని ఉల్లంఘిస్తే పోటీలో పెనాల్టీ కూడా వేయవచ్చని రాశారు. మర్యాద మాయమైందని అప్పట్లో కొందరు బాధపడ్డారు. నిజానికి జరిగింది వేరు. అంతకుముందు మర్యాద తప్పితే దాదాపు ఏ శిక్షా లేదు, మరీ దారుణంగా ప్రవర్తిస్తే తప్ప. పోటీ నుంచి తీసేయడం ఒక్కటే అస్త్రం కావడంతో ఏ కమిటీకీ చేతులు వచ్చేవి కావు. ఇప్పుడు స్కోరుకు ఒక దెబ్బో (స్ట్రోక్) రెండు దెబ్బలో కలిపే పెనాల్టీ వేసే వీలుంది కాబట్టి చిన్న తప్పుకు చిన్న శిక్ష సాధ్యమైంది.

గడ్డి లెక్క

గ్రీన్ (బంతి పడాల్సిన రంధ్రం చుట్టూ ఉండే నున్నటి నేల) మీద గడ్డిని సుమారు 3 మిల్లీమీటర్ల ఎత్తుకు కోస్తారు. ఆ రంధ్రం, అంటే హోల్, వెడల్పు 108 మిల్లీమీటర్లు. ఇంత నున్నటి నేల మీద గోరంత గుంట ఉన్నా బంతి దారి తప్పుతుంది. ఎత్తు నుంచి పడిన బంతి మెత్తటి గ్రీన్ మీద ఒక గుంట చేస్తుంది, దాని అంచున మట్టి పైకి లేస్తుంది. వెంటనే సరిచేస్తే గడ్డి త్వరగా కోలుకుంటుంది. వదిలేస్తే లేచిన భాగం ఎండి, మచ్చ పడి, కోలుకోవడానికి వారాలు పడుతుంది.

సరిచేయడంలోనూ ఒక కిటుకు ఉంది, చాలామంది తప్పు చేసేది అక్కడే. రెండు పళ్ల చిన్న ఫోర్కును గుంట మధ్యలో గుచ్చి మట్టిని పైకి లేపుతారు. చూడటానికి నేల సమమైనట్టే ఉంటుంది, కింద వేళ్లు మాత్రం తెగిపోతాయి. చేయాల్సింది దానికి తిరగేసి. ఫోర్కును గుంట అంచు బయట గుచ్చి, చుట్టూరా గడ్డిని మధ్యలోకి తోసి, పటర్ (పట్ కొట్టే కర్ర) అడుగుతో మెల్లగా నొక్కాలి. తన గుంటతోపాటు పక్కన కనిపించిన ఇంకొకటి కూడా సరిచేయమని పాతవారు చెప్పేది ఇందుకే. చేయనివారి వాటా ఎలాగూ మిగిలిపోతుంది.

బూట్ల గొడవ కూడా ఒకప్పుడు ఇక్కడిదే. లోహపు స్పైకులు గ్రీన్ మీద గడ్డిని చీల్చేవి, క్లబ్‌హౌస్‌లో కార్పెట్లను, చెక్క నేలను పాడుచేసేవి. 1990ల నుంచి ప్లాస్టిక్ స్పైకులు రావడంతో నష్టం బాగా తగ్గింది. 2019 నుంచి గ్రీన్ మీద బూట్ల గుర్తులను సరిచేసుకోవడానికి ఆట నియమాలూ ఒప్పుకున్నాయి. అయినా ‘స్పైకులతో లోపలికి రావద్దు’ అన్న బోర్డు చాలాచోట్ల అలాగే ఉంది. లోపలికి మట్టి వస్తుందన్నది ఇప్పుడు చెప్పే కారణం. వానాకాలం సంగతి వరకు అది న్యాయమైన కారణమే.

మైదానంలో తిరిగే చిన్న బండ్లు, బగ్గీలదీ ఇదే కథ. తడినేల మీద చక్రాలు తిరిగితే మట్టి గట్టిపడి, వేళ్లకు గాలి, నీరు అందవు. ఆ రోజు కంటికి ఏమీ కనిపించదు. వారాల తర్వాత గడ్డి పలచబడినప్పుడు బయటపడుతుంది. అప్పటికి ఎవరి బగ్గీ వల్ల ఇలా అయిందో చెప్పడం కుదరదు. అందుకే కమిటీ ముందే మధ్యేమార్గం పెడుతుంది: బంతి ఉన్న దూరం దాకా దారి మీదే నడిపి, అక్కడ లంబంగా ఫెయిర్‌వేలోకి (గ్రీన్ దాకా పరిచిన కోసిన గడ్డిలోకి) తిరిగి, మళ్లీ అలాగే వెనక్కి రావాలి. బాగా తడిసిన రోజు అది కూడా ఉండదు, బగ్గీ దారి దిగకూడదు.

బంతి మనుషుల వైపు వెళుతుంటే ‘ఫోర్’ అని అరవడం గురించి పెద్దగా చెప్పాల్సింది లేదు. 45.93 గ్రాములకు మించకూడని గట్టి బంతి అది, గట్టి ఆటగాడు కొడితే గంటకు 250 కిలోమీటర్ల పైచిలుకు వేగంతో బయల్దేరుతుంది. ఇది మర్యాద కాదు, ప్రాణాల సంగతి. అరవడానికి మొహమాటపడేవారికి ఆ సంగతి ఎవరో ఒకరు గుర్తుచేయాలి.

8 నిమిషాలు, 10 నిమిషాలు

క్లబ్బుల్లో ఎక్కువ తగాదాలకు కారణం నెమ్మదిగా ఆడటం. ఇందులో తప్పు ఎప్పుడూ వ్యక్తిదే అనుకుంటారు. లెక్క వేస్తే వేరేలా ఉంటుంది.

ఉదాహరణకు ఒక క్లబ్బులో 8 నిమిషాలకో గ్రూపును మొదటి టీ (మొదటి దెబ్బ కొట్టే చోటు) నుంచి వదులుతున్నారనుకుందాం. టీ నుంచి గ్రీన్ దాకా ఉండే ఒక్కో భాగాన్నీ కూడా హోల్ అనే అంటారు. మూడో హోల్ పార్ 3, అంటే మూడు దెబ్బల్లో ముగించాల్సిన పొట్టిది. నలుగురు కొట్టి, నడిచి, పట్‌లు ముగించి గ్రీన్ ఖాళీ చేయడానికి 10 నిమిషాలు పడుతుంది. పార్ 4 మీద ఒక గ్రూపు గ్రీన్ దగ్గర ఉంటే ఇంకో గ్రూపు టీ నుంచి కొట్టవచ్చు. పార్ 3 మీద ఆ వీలు లేదు, ఒకసారి ఒక్క గ్రూపే. లెవల్ క్రాసింగ్ గేటు దగ్గర బళ్లు ఆగినట్టు ఇక్కడ గ్రూపులు ఆగుతాయి. మొదటి గ్రూపు ఆగదు. రెండోది 2 నిమిషాలు, మూడోది 4 నిమిషాలు. పదో గ్రూపు 18 నిమిషాలు, ఇరవయ్యోది 38 నిమిషాలు నిలబడాలి. ఒక్కరూ నెమ్మదిగా ఆడకపోయినా ఇంతే.

వెనకవారిని పిలిచి కొట్టనివ్వడం అనే మర్యాద పుట్టింది ఇందుకే. పార్ 3 మీద ముందు గ్రూపు గ్రీన్ చేరగానే పక్కకు జరిగి, వెనక గ్రూపును టీ నుంచి కొట్టమని చేయి ఊపుతుంది. వాళ్లు నడిచి వచ్చేలోపు వీళ్లు పట్‌లు ముగిస్తారు. రెండు గ్రూపుల సమయాలు కొంతమేర ఒకదానిపై ఒకటి పడటంతో 10 నిమిషాల పని 8కి దగ్గరవుతుంది. చూడటానికి ఇది ఔదార్యంలా ఉంటుంది కానీ ఫలితం మొత్తం మైదానానికి. టీ టైముల మధ్య ఎడం 10 నిమిషాలకు పెంచినా ఇదే మేలు జరుగుతుంది. అలా పెంచితే రోజుకు తక్కువ గ్రూపులు ఆడతాయి, ఆదాయం పడిపోతుంది. కమిటీలు నోటీసులు అంటించడానికి చూపే ఉత్సాహం ఎడం పెంచడంలో చూపవు. సభ్యులు ఈ మాట గట్టిగా అడిగే హక్కు ఉన్నవారే.

వ్యక్తుల వల్ల అయ్యే ఆలస్యం లేదని కాదు. 2019 నియమాలు వెతకడానికి ఇచ్చే సమయాన్ని 5 నుంచి 3 నిమిషాలకు తగ్గించాయి, తన వంతు వచ్చాక 40 సెకన్లలో కొట్టమని సూచించాయి. మొత్తం దెబ్బల లెక్కతో గెలుపు తేల్చే స్ట్రోక్ ప్లేలో సిద్ధంగా ఉన్నవారు ముందు కొట్టడాన్ని ప్రోత్సహించాయి. హోల్‌కు దూరంగా ఉన్నవారే ముందు కొట్టాలన్న పాత పద్ధతిని పట్టుకుని కూర్చునేవారు దాన్ని మర్యాద అనుకుంటారు. వెనక నిలబడ్డవారికి అది అలా కనిపించదు. ఒక గ్రూపు తన వేగాన్ని చూసుకోవాల్సింది వెనక గ్రూపుతో కాదు, ముందు గ్రూపుతో. వెనక ఎవరూ లేరు కదా అని తీరిగ్గా ఆడేవారు, ముందు ఒక హోల్ మొత్తం ఖాళీ అయిన సంగతి గమనించరు.

అతిథి డబ్బు ఎందుకు తీసుకోరు

గుమ్మం దాటి లోపలికి వెళితే లెక్క మారుతుంది. ఇక్కడ గడ్డి లేదు, ఉమ్మడి ఆస్తి ఉంది. సభ్యులే యజమానులైన క్లబ్బులో బార్‌లో ఉన్న సీసా కూడా అందరి సొత్తే. చట్టం దృష్టిలో ఈ తేడా చిన్నది కాదు.

ఇంగ్లాండ్, వేల్స్‌లో 2003 నాటి లైసెన్సింగ్ చట్టం సభ్యుల క్లబ్బుకు మామూలు బార్ లైసెన్సుకు బదులు వేరే ధ్రువపత్రం ఇస్తుంది. క్లబ్ మద్యాన్ని అమ్మడం లేదు, సభ్యులు తమ ఉమ్మడి సరుకును తాము వాడుకుంటున్నారు అన్నది దాని వెనక ఆలోచన. అందుకు షరతులున్నాయి. కనీసం 25 మంది సభ్యులుండాలి. దరఖాస్తు చేసిన తర్వాత కనీసం రెండు రోజులు గడిచాకే సభ్యుడి హక్కులు రావాలి. గుమ్మం దగ్గర ఫీజు కట్టి, సంతకం పెట్టి, అప్పటికప్పుడే సభ్యుడై గ్లాసు పట్టుకునే దారి మూసేయడానికే ఈ రెండు రోజులు. కొత్త సభ్యుడికి కార్డు ఆలస్యమైతే ఆఫీసు బద్ధకమని తిట్టుకుంటారు. కొన్నిసార్లు కారణం ఇదీ.

అమెరికాలో కథ పన్ను వైపు నుంచి నడుస్తుంది. 501(సి)(7) సెక్షన్ కింద పన్ను మినహాయింపు పొందే సామాజిక క్లబ్బులకు మొత్తం రాబడిలో 15 శాతానికి మించి బయటివారు క్లబ్ సౌకర్యాలు వాడుకున్నందుకు రాకూడదు. పెట్టుబడుల మీద వచ్చేది కూడా కలుపుకుంటే పరిమితి 35 శాతం. మరి బయటివారెవరు, అతిథి ఎవరు? ఎనిమిది మంది లేదా అంతకంటే తక్కువమంది గుంపులో కనీసం ఒక సభ్యుడు ఉండి, క్లబ్బుకు డబ్బు సభ్యుడే కడితే మిగతావారిని అతని అతిథులుగానే లెక్కిస్తారు. అతిథే కార్డు గీకితే ఆ రాబడి బయటి ఖాతాలో పడే ప్రమాదం ఉంది. బార్‌లో పనిచేసే అబ్బాయి మర్యాదగా చెయ్యి అడ్డం పెట్టి ‘సార్ ఖాతాలో రాస్తామండీ’ అనడం వెనక ఇంత తతంగం ఉంది.

చట్టం ఇంత బిగువుగా లేని చోట కూడా చీటీ మీద సంతకం పెట్టే పద్ధతికి ఇంకో ఉపయోగం ఉంది. అతిథి గ్లాసు పగలగొట్టినా, సిబ్బందితో దురుసుగా మాట్లాడినా, బట్టల నియమం తెలియక టీ షర్టుతో వచ్చినా జవాబుదారీ సభ్యుడే. అతిథిని కమిటీ ఏమీ చేయలేదు, సభ్యుణ్ని చేయగలదు. అందుకే అతిథి వచ్చేముందే నియమాలు చెప్పి తీసుకురావడం సభ్యుడి పని. గేటు దగ్గర అతిథిని నిలబెట్టి సెక్యూరిటీ గార్డు చేత చెప్పించడం ఇద్దరికీ ఇబ్బందే, గార్డుకు మరీ ఎక్కువ. అతను ఆ నియమం పెట్టలేదు, మార్చనూలేడు.

ఒకే అతిథిని పదేపదే తీసుకురావడం మీద చాలా క్లబ్బుల్లో పరిమితి ఉంటుంది. చందా కట్టకుండా ఏడాదంతా ఆడేసే దారి అది కాబట్టి. ఈ నియమాన్ని తప్పుపట్టడం కష్టం.

తినకపోయినా బిల్లు

సభ్యత్వాల్లో రకాలుంటాయి. పూర్తి సభ్యుడికి మైదానం, భవనం రెండూ. సోషల్ సభ్యుడికి భవనం మాత్రమే. వారంలో ఐదు రోజులే ఆడే సభ్యత్వం ఒకటి, విద్యార్థులది ఒకటి, కంపెనీ పేరిట ఇంకొకటి. వీటి మధ్య హద్దులు కాగితం మీద స్పష్టంగానే ఉంటాయి, ఆదివారం మధ్యాహ్నం డైనింగ్ హాల్లో చెరిగిపోతాయి.

ఎక్కువ చేదు పుట్టించేది కనీస ఖర్చు నియమం. సభ్యుడు నెలకో మూడు నెలలకో ఇంత అని క్లబ్ రెస్టారెంట్లో ఖర్చు పెట్టాలి. పెట్టకపోతే ఆ తేడా బిల్లులో కలుపుతారు. ‘నేను ఆడటానికి చేరాను, తినడానికి కాదు’ అన్న ఫిర్యాదు సహజం. క్లబ్ వైపు లెక్క ఇలా ఉంటుంది: వంటవారు, సర్వర్లు, గ్యాసు, ఏసీ, ఇవన్నీ పదిమంది వచ్చినా వందమంది వచ్చినా దాదాపు ఒకటే. సభ్యుల సంఖ్యకు పరిమితి ఉంది కాబట్టి బయటి హోటల్‌లా కొత్త గిరాకీని పిలవలేరు. పిలిస్తే పైన చెప్పిన పన్ను చిక్కు. మిగిలిన దారులు రెండే: అందరి చందా పెంచడం, లేదా కనీస ఖర్చు పెట్టడం. రెండూ ఒకే లోటును పూడుస్తాయి. కనీస ఖర్చులో ప్రతిఫలంగా ప్లేటులో ఏదో ఒకటి వస్తుంది, చందాలో రాదు. తేడా అంతే. అయితే దీనివల్ల వంటగదికి ఒక చెడు అలవాటు అవుతుందన్న విమర్శలో పస ఉంది. ఎలాగూ డబ్బు వస్తుందని తెలిసిన వంటగదికి రుచి మీద ధ్యాస తగ్గుతుంది.

లాకర్లు, ప్రాక్టీసు బంతులు చిన్న సంగతులే. ప్రాక్టీసు బంతుల మీద చార వేసేది అవి క్లబ్ ఆస్తి అని తెలియడానికి. వాటిని బ్యాగులో వేసుకుని మైదానంలో ఆడటం మర్యాద లోపం కింద రాదు, దొంగతనం కింద వస్తుంది.

గుమ్మం దగ్గర ఆపినవారు

కొన్ని నియమాలకు మాత్రం ‘నష్టపోయేది ఎవరు’ అన్న ప్రశ్న వేస్తే సమాధానం దొరకదు. వాటి చరిత్రలో దొరుకుతుంది.

1920లో ఇంగ్లాండ్‌లోని డీల్‌లో బ్రిటిష్ ఓపెన్ జరిగింది. డబ్బు కోసం ఆడే ప్రొఫెషనల్స్‌కు అప్పట్లో క్లబ్‌హౌస్‌లోకి ప్రవేశం లేదు. వాళ్లు ప్రొ షాపులో (క్లబ్బులో ఆట సామాను అమ్మే దుకాణంలో) బట్టలు మార్చుకోవాలి. అమెరికా ఛాంపియన్ వాల్టర్ హేగన్ దానికి ఒప్పుకోలేదు. పెద్ద కారు అద్దెకు తీసుకుని, డ్రైవరుతో సహా క్లబ్‌హౌస్ ముందే నిలిపి, దాన్నే డ్రెస్సింగ్ రూమ్ చేసుకున్నాడు. అదే ఏడాది అమెరికాలో టొలీడో నగరంలోని ఇన్‌వర్నెస్ క్లబ్ యూఎస్ ఓపెన్‌కు వచ్చిన ప్రొఫెషనల్స్‌కు తన తలుపులు తెరిచింది. కృతజ్ఞతగా ఆటగాళ్లు ఆ క్లబ్బుకు ఒక నిలువెత్తు గడియారం బహూకరించారు. 1923లో స్కాట్లండ్‌లోని ట్రూన్‌లో జరిగిన బ్రిటిష్ ఓపెన్‌లో హేగన్ రెండో స్థానంలో నిలిచాడు. వారమంతా ఆటగాళ్లను బయట ఉంచి, బహుమతుల వేళ మాత్రం లోపలికి రమ్మంటే అతను వెళ్లలేదు. చూడటానికి వచ్చిన జనాన్ని తనతో పాటు పబ్‌కు రమ్మన్నాడు. మైదానంలో అందరికంటే బాగా ఆడేవాడు భవనంలోకి రావడానికి అనర్హుడు. ఆటకు, భవనానికి వంశాలు వేరు అనడానికి ఇంతకంటే తేటైన ఉదాహరణ దొరకదు.

రంగు విషయంలో కథ ఇంకా పొడవు. అమెరికాలో ప్రొఫెషనల్ గోల్ఫర్ల సంఘం పీజీఏ ఆఫ్ అమెరికా తన నిబంధనల్లో ఉన్న ‘తెల్లవారికి మాత్రమే’ అన్న మాటను తీసేసింది 1961లో. అమెరికాలో ఆగస్టా నేషనల్ క్లబ్బులో ఏటా జరిగే మాస్టర్స్ టోర్నమెంటులో మొదటి నల్లజాతి ఆటగాడు లీ ఎల్డర్ ఆడింది 1975లో.

ఆడవారి విషయంలో మార్పు మన కళ్ల ముందే జరిగింది. ఆగస్టా నేషనల్ 2012లో మొదటిసారి ఇద్దరు మహిళలను సభ్యులుగా తీసుకుంది. సెయింట్ ఆండ్రూస్‌లోని రాయల్ అండ్ ఏన్షియంట్ క్లబ్ 2014లో ఓటు వేసి తలుపులు తెరిచింది. స్కాట్లండ్‌లోని మ్యూర్‌ఫీల్డ్ క్లబ్బుది ఆసక్తికరమైన ఉదాహరణ. లీత్‌లో 1744లో ఆ 13 నియమాలు రాసింది ఈ క్లబ్ పూర్వీకులే. 2016 మేలో అక్కడ ఓటింగు జరిగితే మెజారిటీ సభ్యులు మహిళలకు అనుకూలంగానే ఓటేశారు కానీ కావాల్సిన మూడింట రెండొంతులు రాలేదు. బ్రిటిష్ ఓపెన్ జరిపే మైదానాల జాబితా నుంచి మ్యూర్‌ఫీల్డ్‌ను తప్పిస్తున్నట్టు ఆర్ అండ్ ఏ వెంటనే ప్రకటించింది. 2017 మార్చిలో మళ్లీ ఓటింగు పెడితే 80 శాతం దాటింది. పది నెలల్లో సభ్యుల మనస్తత్వం అంతగా మారిందని అనుకోవడం కష్టం. మారింది నష్టపోయేదానిపై అంచనా. 2022లో మహిళల బ్రిటిష్ ఓపెన్ అక్కడే జరిగింది.

ఇంత పేరున్న క్లబ్బుల కంటే మామూలు క్లబ్బుల్లో జరిగిన మార్పు పెద్దది. బ్రిటన్‌లో చాలా క్లబ్బుల్లో మహిళలకు ‘అసోసియేట్’ సభ్యత్వం ఉండేది. చందా తక్కువ, శనివారం ఉదయం టీ టైములు ఉండవు, ఓటు ఉండదు, ఒక బార్ మగవారికే. 2010 సమానత్వ చట్టం 25 మంది, అంతకుమించి సభ్యులున్న సంఘాలకు ఒక హద్దు గీసింది: పూర్తిగా మగవారి క్లబ్బో, పూర్తిగా ఆడవారి క్లబ్బో నడుపుకోవచ్చు, కానీ ఇద్దరినీ చేర్చుకున్నాక సౌకర్యాల్లో తేడా చూపకూడదు. ‘మగవారి బార్’ బోర్డులు దిగింది ఇలా. మర్యాద మీద గౌరవం పెరిగి కాదు.

2020లో అనుకోని పరీక్ష

కోవిడ్ కాలంలో చాలాచోట్ల మైదానాలు తెరిచి క్లబ్‌హౌస్‌లు మూసి ఉంచారు. బంకర్ల దగ్గర ఇసుక చదునుచేసే రేకులు (పళ్లున్న కర్రలు) తీసేశారు, జెండా కర్రను ముట్టుకోవద్దన్నారు. జనం ఇంటి నుంచే గోల్ఫ్ బట్టలు వేసుకుని వచ్చి, కార్ పార్కింగులో బూట్లు మార్చుకుని, ఆడి, వెళ్లిపోయారు. అంతకుముందు చేయకూడదన్నదే అప్పుడు చేయమన్నారు. కొంపలేమీ మునగలేదు.

బంకర్ల సంగతి మాత్రం వేరుగా తేలింది. రేకులు లేకపోవడంతో ఇసుక నిండా అడుగుల గుర్తులు పడ్డాయి, ఆట మీద ఫిర్యాదులు పెరిగాయి. రేకులు తిరిగి వచ్చినప్పుడు ఎవరూ అభ్యంతరం చెప్పలేదు. కార్ పార్కింగు నియమం తిరిగి వచ్చిన చోట్ల మాత్రం ‘అప్పుడు లేని తప్పు ఇప్పుడేమిటి’ అన్న ప్రశ్న వచ్చింది. దానికి కమిటీల దగ్గర ఉన్న జవాబు ‘బాగుండదు’ అన్నదొక్కటే. ఖర్చు పెట్టి కట్టిన లాకర్ రూమ్ ఖాళీగా ఉంటుందన్న జవాబు ఇంకాస్త నిజాయితీగా ఉండేది.

శిక్ష వేసేది ఎవరు

నియమం తప్పినప్పుడు ఏం జరుగుతుందో కూడా సభ్యులకు సాధారణంగా తెలియదు. వరుస ఇలా ఉంటుంది: మాటగా చెప్పడం, రాతపూర్వక హెచ్చరిక, కొంతకాలం సస్పెన్షన్, చివరికి సభ్యత్వం రద్దు. సభ్యత్వం అన్నది ఒక ఒప్పందం, క్లబ్ నియమావళే ఆ ఒప్పంద పత్రం. అందువల్ల కోర్టుకు వెళితే సాధారణంగా న్యాయమూర్తి చూసేది టోపీ తీయాలా వద్దా అని కాదు. ఆరోపణ ముందే చెప్పారా, జవాబిచ్చే అవకాశం ఇచ్చారా, ఫిర్యాదు చేసిన మనిషే తీర్పు చెప్పే కుర్చీలో కూర్చున్నాడా, క్లబ్ తన సొంత నియమావళిని పాటించిందా అని. కమిటీలు ఓడిపోయేది ఎక్కువగా ఇక్కడే. సిబ్బందిని తిట్టిన సభ్యుడిపై చర్య సమంజసమే కావచ్చు. నోటీసు ఇవ్వకుండా వాట్సాప్ గ్రూపులో సస్పెండ్ చేస్తే ఆ కేసు నిలవడం కష్టం.

సిబ్బందితో ప్రవర్తన గురించి విడిగా ఒక మాట. సభ్యుడు తోటి సభ్యుడితో గొడవపడితే ఇద్దరికీ ఒకే హోదా. బ్యాగు మోసే క్యాడీతోనో సర్వర్‌తోనో గొడవపడితే అవతలి మనిషి ఉద్యోగం తన చేతిలో ఉందని సభ్యుడికి తెలుసు, అవతలి మనిషికీ తెలుసు. అందుకే బాగా నడిచే క్లబ్బుల్లో సభ్యులు సిబ్బందిని నేరుగా మందలించకూడదని, ఫిర్యాదు ఏదైనా సెక్రటరీకే రాయాలని నియమం ఉంటుంది. బోర్డు మీద ఇది చిన్న అక్షరాల్లో ఉంటుంది, టోపీ నియమం పెద్ద అక్షరాల్లో.

ఇక ముందు మారేవి

బట్టల నియమం నెమ్మదిగా వదులవుతోంది. అమెరికాలో ప్రొఫెషనల్ పోటీలు నడిపే పీజీఏ టూర్ 2019 నుంచి ప్రాక్టీసు, ప్రో-యామ్ (ప్రొఫెషనల్స్, అమెచ్యూర్లు కలిసి ఆడే) రోజుల్లో ఆటగాళ్లు షార్ట్స్ వేసుకోవడానికి ఒప్పుకుంది. పోటీ రోజుల్లో ఇంకా పొడవు ప్యాంటే. క్లబ్బుల్లో కాలరు, జీన్స్ మీద పట్టుదల తగ్గుతున్న వేగం చందా కట్టే కొత్త తరం ఎంత అవసరమన్నదాని మీద ఆధారపడుతుంది. సభ్యత్వం కోసం ఏళ్ల తరబడి వెయిటింగ్ లిస్టు ఉన్న క్లబ్బుకు మార్చాల్సిన తొందర లేదు. సీట్లు ఖాళీగా ఉన్న క్లబ్ ముందు మారుతుంది.

ఫోను దగ్గర మాత్రం చిక్కు ముడిపడింది. ఆగస్టాలో మాస్టర్స్ చూడటానికి వచ్చేవారు ఫోను లోపలికి తేవడానికే వీల్లేదు. మామూలు క్లబ్బులో అది కుదరని పని. టీ టైము బుక్ చేసేది ఫోనులోనే, హోల్ దాకా దూరం చూసేదీ, స్కోరు ఎక్కించేదీ అందులోనే. ఆటగాడి స్థాయిని ఒక అంకెలో చెప్పేందుకు 2020లో మొదలైన ప్రపంచ హ్యాండిక్యాప్ పద్ధతిలో స్కోరును వీలైతే ఆడిన రోజే నమోదు చేయమంటారు. అంటే క్లబ్ ఒక చేత్తో ఫోను తీయమంటోంది, ఇంకో చేత్తో లోపల పెట్టమంటోంది. చాలా కమిటీలు ఇప్పుడు పరికరాన్ని వదిలేసి శబ్దాన్ని పట్టుకుంటున్నాయి: సైలెంట్‌లో పెట్టి వాడుకోవచ్చు, మాట్లాడాలంటే కార్ పార్కింగుకో, అందుకని కేటాయించిన గదికో వెళ్లాలి. వీడియో కాల్స్, భోజనాల బల్లల మధ్య తీసే రీల్స్, తోటి సభ్యుల మొహాలు వాటిలో పడటం మీద నియమాలు ఇంకా రాసుకుంటున్న దశలోనే ఉన్నాయి. వచ్చే కొన్నేళ్ల వార్షిక సమావేశాల్లో కనీస ఖర్చు తర్వాత ఎక్కువసేపు వాదన జరిగేది వీటి మీదే అయ్యేలా ఉంది.